అమ్మానాన్నలతో హైదరాబాద్ తిరగాలంటే ముందు కుర్చీ వెతకండి

(కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చున్నారు, చాలా సంతోషం. మాట్లాడబోయేది మీ గురించే కాబట్టి, నేను చెప్పేది మీకు సరిపోదనిపిస్తే మధ్యలోనే ఆపి చెప్పండి. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా కుర్చీలు తెచ్చుకోండి. అదిగో, ఆ మూల ఇంకా ఉన్నాయి.

సంక్రాంతి అయిపోయింది. ఊళ్లలో పనులు కాస్త తగ్గాయి. ఎండలు ముదరకముందే పిల్లల దగ్గర నాలుగు వారాలు ఉండి పోదామని అమ్మానాన్నలు వస్తున్నారు. వచ్చారు, బాగుంది. ఆ తర్వాత? వాళ్లు ఏడో అంతస్తులో, మనం ఆఫీసులో. పొద్దున టీవీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బాల్కనీ. శనివారం రాగానే మనకి గుర్తొస్తుంది, అయ్యో, వీళ్లని ఎక్కడికీ తీసుకెళ్లలేదే అని. అప్పుడు ఏం చేస్తాం? ఆదివారం ఒక్కరోజే చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ అన్నీ పెట్టేసుకుంటాం. సోమవారం పొద్దున మోకాళ్లు వాచిపోయి వాళ్లు నా దగ్గరికి వస్తారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు తరచుగా అడిగేది, "మా నాన్నగారికి మోకాళ్లు అరిగాయి, ఏం చూపించమంటారు?" అని. నేను తిరిగి అడుగుతాను. మీ నాన్నగారు ఆగకుండా ఎంత దూరం నడుస్తారు? ఎంతసేపు నిలబడగలరు? చేతులు లేని కుర్చీలోంచి ఎవరి సాయం లేకుండా లేవగలరా? చాలామంది చెప్పలేరు. ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది చెప్పగలరు? ఒకసారి చేతులెత్తండి. చూశారా.

ఇది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రేపు సాయంత్రం వాళ్లతో కలిసి లిఫ్టు దిగి, మన గేటు దాకా మామూలుగా కబుర్లు చెప్పుకుంటూ నడవండి. ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ చెయ్యి గోడ మీద పడిందో, ఎక్కడ "ఆ చెట్టు భలే ఉందిరా" అని నిలబడిపోయారో గమనించండి. చాలాసార్లు ఆ నిలబడటం చెట్టు కోసం కాదు, కాలు నొప్పికి. వాళ్లు పైకి చెప్పరు. అక్కడి దాకా వాళ్ల దూరం. బయట ఊళ్లో ఆ దూరంలో సగమే లెక్కపెట్టుకోండి. ఎందుకంటే మన కాంపౌండు నేల చదునుగా ఉంది, హైదరాబాద్ ఫుట్‌పాత్ అలా ఉండదు. ఫుట్‌పాత్ అంచు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదని మన దేశపు రోడ్ల ప్రమాణాల్లోనే ఉంది. మన మెయిన్ రోడ్డు మీదకి వెళ్లి కొలవండి, ఎక్కడ ఎంతుందో! మీకు నాకు అది అడుగు, మోకాలు అరిగిన మనిషికి అది మెట్టు.

అందుకని నేనేమంటానంటే, ఏం చూడాలి అనేది తర్వాత. ముందు ఎక్కడ కూర్చుంటారు, దాన్ని తేల్చండి. కారు దిగిన చోటు నుంచి మొదటి కుర్చీ ఎంత దూరం? అక్కణ్నుంచి రెండో కుర్చీ ఎంత దూరం? మధ్యలో మెట్లున్నాయా? ఇది తెలిసిన చోటుకే తీసుకెళ్లండి. తెలియకపోతే మీరొక్కరే ముందు వెళ్లి చూసి రండి, లేదా ఫోన్ చేసి అడగండి. ఇంకో మాట, పెద్దవాళ్లు కూర్చుంటే ఏమీ చూడరని అనుకోకండి. మనం ఫోన్ పట్టుకుని పరుగులు పెడుతూ చూసేదానికంటే, వాళ్లు ఒక చోట కూర్చుని చూసేది ఎక్కువ.

సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. అక్కడ పాత గడియారం ఉంది, కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ కంపెనీవాళ్లు కూర్చినది. ప్రతి గంటకీ అందులోంచి చిన్న మనిషి బొమ్మ బయటకొచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోతుంది. దాని ఎదురుగా జనం కూర్చుని చూసే ఏర్పాటు ఉంది. పన్నెండింటికి వెళ్తే బొమ్మ పన్నెండుసార్లు కొడుతుంది, అందుకే ఆ వేళకి జనం ఎక్కువ. మీరు పావుగంట ముందే వెళ్లి అమ్మానాన్నలకి చోటు చూసి కూర్చోబెట్టండి. ఆ పావుగంట వృథా అనుకోకండి. పక్కన కూర్చున్నవాళ్లు ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అన్నీ కనుక్కుంటారు. గంట కొట్టాక ఒకటో రెండో గదులు చూస్తే చాలు. రెబెకా శిల్పం ఉంది. పాలరాతిలో చెక్కిన మేలిముసుగు, ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది, 1876లో నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ ఇటలీలోనే కొన్నారు. దాని ముందు నిలబెట్టకండి, తోసుకుపోయే జనంలో నిలబడటం నడకకంటే కష్టం. చక్రాల కుర్చీ, లిఫ్టు గురించి టికెట్ దగ్గరే అడగండి. ఆ మ్యూజియంలో దాదాపు నలభై గ్యాలరీలున్నాయి. అన్నీ చూపించాలనుకున్నారా, రెండోదానికే వాళ్లు అలిసిపోతారు. "డబ్బులు పెట్టి టికెట్ కొన్నాం కదా" అని మీరు తొందరపెట్టకండి. వాళ్లు అసలే ఆ టికెట్ డబ్బుల గురించే ఆలోచిస్తూ ఉంటారు.

ఇక మెట్రో. దీన్ని ఎక్కడికో వెళ్లడానికి వాడుకునేదిగానే చూస్తాం. అమ్మానాన్నలకి అదే ఒక విహారం. 2017 నవంబరులో మొదలైంది కదా, ఊళ్లలో ఉండే చాలామంది ఇంకా ఎక్కలేదు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. లిఫ్టులున్నాయి, పెద్దవాళ్లకి విడిగా సీట్లున్నాయి, చల్లగా ఉంటుంది, కుదుపు లేదు. పైనుంచి నగరమంతా కనిపిస్తుంది. ఎర్రగడ్డ దాటాక, అమీర్‌పేట, ఖైరతాబాద్, అసెంబ్లీ, నాంపల్లి, తర్వాత మూసీ. మీ నాన్నగారు వయసులో ఉన్నప్పుడు ఏదో ఇంటర్వ్యూకి ఈ ఊరు వచ్చి ఉంటారు. నాంపల్లి స్టేషన్లో దిగి, కోఠి దాకా నడిచి ఉంటారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి అడగండి, అప్పుడు ఎక్కడ బస చేశారు, ఎక్కడ తిన్నారు అని. ఆ కథలు మీకు ఎప్పుడూ చెప్పి ఉండరు.

కాకపోతే రెండు జాగ్రత్తలు. పొద్దున ఆఫీసు వేళ, సాయంత్రం ఆఫీసు వేళ వద్దు. పదకొండు దాటాక బయల్దేరి, మూడున్నరలోపు తిరిగి ఎక్కండి. రెండోది ఎస్కలేటర్. కదులుతున్న మెట్టు మీద కాలు పెట్టడానికి భయపడేవాళ్లని "ఏం కాదమ్మా, ఎక్కేయ్" అని లాగకండి. ఆ ఒక్క క్షణం తడబాటుకి తుంటి ఎముక విరిగిన కేసులు నేను చూశాను. లిఫ్టు రోడ్డుకి ఏ వైపుందో ముందు రోజే చూసుకోండి. మెట్రోలోపల అంతా సులువే, ఇంటి నుంచి ఆ లిఫ్టు దాకా వెళ్లడమే అసలు ప్రయాణం.

జూపార్కుకి సోమవారం సెలవు. లోపల బ్యాటరీ బండి ఉంది, ఎక్కి కూర్చుంటే తిప్పుతారు. మనవల్ని కూడా తీసుకెళ్తే ఇంక చెప్పేదేముంది.

శిల్పారామం గురించి కొందరు అంటారు, "పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకి పల్లెటూరు ఏం చూపిస్తాం" అని. నేను ఒప్పుకోను. అక్కడ కుమ్మరి ఇల్లు, సాలె ఇల్లు నమూనాలు కట్టి మనుషుల బొమ్మలు పెట్టారు. వాటి ముందు మీ అమ్మగారు గైడు అవుతారు. ఇది ఏమిటి, దేనికి వాడతారు, ఈ నమూనాలో ఏది తప్పుగా పెట్టారు, అన్నీ ఆవిడే మీ పిల్లలకి చెప్తారు. ఊరు వదిలి వచ్చాక ప్రతిదానికీ మనల్ని అడగాల్సి వస్తుంది వాళ్లకి. గీజర్ ఎలా వెయ్యాలి, లిఫ్టులో ఏ బటన్, గేటు దగ్గర ఓటీపీ ఏమిటి. ఒక్క పూటైనా వాళ్లు చెప్పేవాళ్లు, మనం వినేవాళ్లం అవ్వాలి. రైతుబజారు కూడా అలాంటిదే. ఇక్కడ కూకట్‌పల్లిలోనే ఉంది, ఎర్రగడ్డలో ఉంది. రద్దీ తగ్గిన వేళ చూసుకుని తీసుకెళ్లండి. వంకాయ చేత్తో పట్టుకుని, ఏ విత్తనం, ఎకరాకి ఎంత దిగుబడి అని అమ్మే రైతుని మీ నాన్నగారు అడుగుతుంటే, పక్కన నిలబడి వినండి. ఒక మడత స్టూలు కారు డిక్కీలో పెట్టుకోండి చాలు.

ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలున్నాయి. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల, వేమన, జాషువా, శ్రీశ్రీ. అన్నీ నడిచి చూడక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లుంటే కాటన్ దొర విగ్రహం దగ్గరికి తీసుకెళ్లండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన మనిషి, ఇప్పటికీ అక్కడ ఇళ్లలో ఫొటో పెట్టుకుంటారు. ఆదివారం తెల్లవారుతూనే వెళ్తే ట్రాఫిక్ ఉండదు. బుద్ధుడి దగ్గరికి పడవ మాత్రం, కాలు నిలకడ లేనివాళ్లకి నేను చెప్పను. ఊగే పడవలోకి అడుగు వెయ్యడం, దిగడం, రెండూ కష్టమే. నెక్లెస్ రోడ్డు వైపు బెంచీ మీద కూర్చుంటే బుద్ధుడు చక్కగా కనిపిస్తాడు.

గోల్కొండ. పైదాకా దాదాపు 360 మెట్లు. వద్దు. కానీ అమ్మలు ఒకటే అడుగుతారు, "రామదాసుని పెట్టిన చెరసాల చూడాలి" అని. భద్రాచలం రాముడికి గుడి కట్టించిన భక్తుడు కదా, అడగడం న్యాయమే. ఆ చెరసాల పైకి వెళ్లే దారిలో ఉంది, మెట్లు తప్పవు. ఇక్కడ మీరు అబద్ధం చెప్పకండి, మెట్లు ఉన్నాయని ముందే చెప్పండి. ఆవిడ కింద దర్వాజా దగ్గరే కూర్చుని, అక్కడ కొట్టిన చప్పట్లు కోట పైదాకా వినిపించే వింత చూస్తానంటారో, రెండేసి మెట్లకి ఒకసారి ఆగుతూ ఎక్కుతానంటారో ఆవిడ ఇష్టం. ఎక్కుతానంటే డాక్టర్ వద్దనలేదని చూసుకుని, పొద్దున్నే, చల్లటి వేళ, రెండు గంటలు కేటాయించండి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో అయితే కిందే కూర్చుని చూడొచ్చు. తెలుగులో ఏ రోజు ఉంటుందో కనుక్కుని వెళ్లండి. చీకట్లో రాళ్ల మీద నడక కాబట్టి టార్చి ఉండాలి.

మెట్ల మాట వచ్చింది కాబట్టి, ఇది అందరూ నేర్చుకోవాల్సింది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నాతో పాటు అనండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు. చేతికర్ర నొప్పి ఉన్న కాలు వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు. మీరెక్కడ ఉండాలి? వాళ్లు ఎక్కుతుంటే వెనక, దిగుతుంటే ముందు, అంటే ఎప్పుడూ వాళ్లకంటే కింది మెట్టు మీద. చెయ్యి పట్టుకుని లాగకూడదు. మీ మోచెయ్యి ఇవ్వండి, వాళ్లు పట్టుకుంటారు. చీర కట్టుకున్న అమ్మలు మెట్ల దగ్గర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకోవాలి, అప్పుడు రెయిలింగుకి ఒక చెయ్యే మిగులుతుంది. అందుకే తోడు తప్పనిసరి.

గుళ్లలో నేను ఎక్కువ భయపడేది మెట్లకి కాదు, కాళ్లు కడుక్కునే కుళాయి దగ్గర తడినేలకి. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. మధ్యాహ్నం కాలిన రాయి మీద నడిచినా వాళ్లకి తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లండి, రాగానే అరికాళ్లు చూడండి. చిలుకూరు బాలాజీ గుడిలో మొదటిసారి 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అమ్మ చెయ్యలేకపోతే మీరు చెయ్యండి, అమ్మ స్వామి ఎదుట కూర్చుంటుంది. శనాదివారాలు వద్దు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం మాట్లాడతాను. బాత్రూం. "నేను రాను, మీరు వెళ్లి రండి" అని పెద్దవాళ్లు అంటారే, దాని వెనక సగం కారణం ఇదే. ముందు వరసలో తలలు ఊగుతున్నాయి, చూడండి. బయల్దేరే రోజు పొద్దున్నించీ మంచినీళ్లు తాగడం మానేస్తారు. దాంతో కళ్లు తిరుగుతాయి, లేచి నిలబడగానే తూలుతారు. బీపీకి వేసుకునే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు పోయేలా చేసేవి ఉంటాయి. అవి వేసుకున్నాక కొన్ని గంటలు తరచుగా వెళ్లాల్సి వస్తుంది. మనకి మనమే ఆ మాత్ర ఆపకూడదు. బయటికి వెళ్లే రోజు వేళ మార్చుకోవచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి. మీరు చేయాల్సింది, దారిలో బాత్రూం ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుని, అడక్కుండానే చెప్పడం. "అమ్మా, వెళ్లగానే ఒకటుంది, కమోడ్ ఉంది, శుభ్రంగా ఉంది, కోడలు నీతో వస్తుంది." ఈ ఒక్క మాటతో మనిషి ముఖం మారిపోతుంది. కమోడ్ అని ఎందుకంటున్నానంటే, మోకాళ్లు వంగనివాళ్లు కిందకి కూర్చుని లేవలేరు. మాల్స్‌లో, పెద్ద హోటళ్లలో ఉంటాయి. పార్కుల్లో ఉన్నాయో లేవో చూసుకోవాలి.

భోజనం దగ్గర కూడా అదే లెక్క. మన ఊళ్లో టిఫిన్ సెంటర్లు చాలావరకు నిలబడి తినేవే. వాళ్లకి అది కుదరదు. పాత హోటళ్లలో ఫ్యామిలీ సెక్షన్ మేడ మీద ఉంటుంది, కింద చోటివ్వమని అడగండి, ఇస్తారు. లోతైన సోఫా వద్దు, చేతులున్న కుర్చీ కావాలి. సీటు మోకాలి ఎత్తున ఉండాలి. లేచేటప్పుడు కుర్చీ అంచుకి జరగడం, పాదాలు వెనక్కి లాక్కోవడం, ముందుకి వంగి లేవడం. షుగర్ ఉన్నవాళ్లకి ఇంటి దగ్గర ఒంటిగంటకి భోజనమైతే బయట కూడా ఒంటిగంటకే.

కారు ఎక్కేటప్పుడు ముందు కాలు లోపల పెట్టించకండి. వెనక్కి తిరిగి, ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోవాలి. మరీ ఎత్తు కార్లు, మరీ కిందకుండే కార్లు, రెండూ ఇబ్బందే. దిగేముందు పాదాలు నాలుగుసార్లు పైకి కిందకి ఆడించి, మోకాలు చాపి, అప్పుడు దిగమనండి.

చక్రాల కుర్చీ మాటెత్తితే నాన్నలకి కోపం వస్తుంది. "నేనేమన్నా మంచాన పడ్డానా?" అంటారు. ఆ బాధ నిజమైనది, తేలిగ్గా తీసెయ్యకండి. ఊళ్లో పది మందికి పెద్దమనిషిగా బతికినవాడిని కుర్చీలో తోసుకెళ్తే, ఎవరైనా చూస్తారేమో అని ఉంటుంది. నేను చెప్పేది ఏమిటంటే, నాన్నగారూ, నడవగలిగినంత మీరే నడవండి, కుర్చీ దూరానికి. లోపలికి వెళ్లాక చూడాల్సిన చోట దిగి మీ కాళ్ల మీద నడుద్దురు గాని, మీ బలమంతా గేటు దగ్గరే ఖర్చు చెయ్యకండి. ఇలా చెప్తే చాలామంది ఒప్పుకున్నారు. అప్పటికీ వద్దంటే వద్దు, దగ్గర చోటుకి వెళ్దాం. అద్దెకి తెచ్చుకుంటే వెనక చక్రాలు పెద్దవి ఉన్నది తీసుకోండి, మన రోడ్ల మీద చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. లేచేముందు బ్రేకు వెయ్యాలి, కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. వాటి మీద నిలబడితే కుర్చీ ముందుకి పడుతుంది. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి. ర్యాంపు అయితే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మన అపార్ట్‌మెంట్ ర్యాంపు చూశాను వచ్చేటప్పుడు, చాలా నిటారుగా ఉంది. అసోసియేషన్ వాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, దాన్ని సరిచెయ్యండి. కింద గేటు దాకా రాలేని మనిషికి గోల్కొండ గురించి చెప్పి ఏం లాభం?

నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, మామూలుగా ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, చాలామంది అడుగుతున్నారు. శనాదివారాలు కాకుండా మామూలు రోజున, తెరిచిన గంటలోపే వెళ్లి, జనం పెరగకముందే వచ్చెయ్యండి.

చివరగా ఒకటి. అమ్మానాన్నల్ని "ఏం చూస్తారు" అని అడిగితే "ఏమీ వద్దు" అంటారు. "ఎవర్ని చూస్తారు" అని అడగండి. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్నప్పటి స్నేహితురాలు ఉంటుంది. అల్వాల్‌లో ఒక పెదనాన్న కొడుకు మంచం మీద ఉంటాడు, ఎన్నాళ్ల నుంచో చూడాలని ఉంటుంది, మనకి సెలవు లేదని అడగరు. సుచిత్రలో ఒక మేనత్త. ఈ ఊళ్లో వాళ్లకి కావాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు కూడా ఏడో అంతస్తులో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ముందే ఫోన్ చేసి లిఫ్టు ఉందా, కమోడ్ ఉందా కనుక్కోండి. అక్కడ దింపి, మీరు "ఇంక వెళ్దామా" అని గడియారం చూపించకుండా మూడు గంటలు వదిలెయ్యండి. పక్కగదిలో కూర్చోండి, లేదా బయటికి వెళ్లి రండి. నేను ఎక్సర్‌సైజులు చెప్పే పెద్దవాళ్లు తర్వాతి వారం వచ్చి నాతో చెప్పుకునేది ఇదే. మ్యూజియం గురించి కొంచెం చెప్తారు, ఎవరిని కలిశారో, వాళ్లు ఎంత చిక్కిపోయారో, ఏం వండిపెట్టారో అది మాత్రం పూర్తిగా చెప్తారు.

సరే, ఇక ప్రశ్నలు. పిల్లలు తర్వాత అడుగుదురు గాని, ముందు పెద్దవాళ్లు. మీరు అక్కడే కూర్చుని అడగండి, మైకు మీ దగ్గరికి తెస్తారు.